విప్పారిన వలయం

మంజీర నీరు నిజాంసాగర్ కాలువల వెంట బోధన్ పొలాలకు చేరిననాటి నుండి ఆ నేల చెరకును నమ్ముకొన్నది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పేరెన్నికగన్నది. 2015 డిసెంబరులో మూతపడింది. అయితే మిల్లు చక్కెరను పిండి, వడకట్టి, స్ఫటికాలుగా మార్చేది మాత్రమే. చక్కెర పుట్టేది ఆకులో.

అక్కడ సూర్యకాంతిని పట్టే పత్రహరితం పోర్ఫిరిన్ కుటుంబానికి చెందిన అణువు. నాలుగు చిన్న పైరోల్ వలయాలు చేయి చేయి కలిపి నిలిచినట్లుండే పెద్ద వలయమది, నడుమ మెగ్నీషియం. కొద్ది మార్పులతో ఆ స్థానంలో ఇనుము చేరితే, అదే చెరకు నరికే కూలీ నెత్తుటిలోని ఎరుపు.

చీకటిలో వేళ్లకు టార్చిలైటు ఆనించి చూసిన పిల్లలెవరికైనా తెలుసు, ఎర్రని వెలుగే ఇవతలికి వస్తుంది. తక్కిన రంగులను చాలావరకు నెత్తురు మింగివేస్తుంది. కాంతితో క్యాన్సర్ కణితిని చంపదలచిన వైద్యునికి ఇదే చిక్కు. కాంతిని గ్రహించి, చెంతనున్న ఆక్సిజన్‌ను కణఘాతకంగా మార్చే మందు అతనికి కావాలి. 700 నానోమీటర్లు దాటిన కాంతి దేహంలో మరింత లోతుకు దిగుతుంది గాని, మామూలు పోర్ఫిరిన్ దానిని అందుకోలేదు. వలయాన్ని పెద్దది చేస్తే ఎలక్ట్రాన్లు సంచరించే బాట పొడవవుతుంది, అప్పుడు అందుకొంటుంది.

అట్టి తొలి వలయం అనుకోకుండా దొరికింది. బి12 విటమిన్ సంశ్లేషణలో నిమగ్నమైన వుడ్‌వర్డ్ బృందానికి ఐదు పైరోళ్ల నీలి పదార్థం చేతికి చిక్కింది. 1966లో దానిని ప్రకటించి, నీలమణి పేరు మీదుగా శాఫిరిన్ అన్నారు. కాన్పూర్ ఐఐటీలో టి.కె. చంద్రశేఖర్ బృందం ఇటువంటి వలయాలలోని నత్రజనికి బదులు గంధకాన్ని, సెలీనియాన్ని నిలిపి, వాటి గుణాలెలా మారుతాయో పరిశీలించింది.

టెక్సాస్‌లో జొనాథన్ సెస్లర్ 1988లో టెక్సాఫిరిన్‌ను వెలువరించాడు. పేరులో ఆ రాష్ట్రపు గర్వం కొంత ఉన్నది. పనిలో మాత్రం ప్రాణభయం ఎరిగిన మనిషి పట్టుదల ఉన్నది. విద్యార్థి దశలోనే అతడు క్యాన్సర్‌ను ఎదుర్కొని బతికినవాడు. గడోలినియం చేర్చిన టెక్సాఫిరిన్‌ను, ఊపిరితిత్తుల నుండి మెదడుకు పాకిన క్యాన్సర్‌కు వికిరణ చికిత్సతో పాటు ఇవ్వదలచారు. అమెరికా ఔషధ సంస్థ 2007లో అనుమతి నిరాకరించింది. సెస్లర్ ఆ వలయాన్ని వదలలేదు.

ఈ కుటుంబపు గుణాన్ని చూడటానికి టెక్సాస్ దాకా పోనక్కరలేదు. నిజామాబాద్‌లోని కళాశాల ప్రయోగశాల చాలు. చెరకు ఆకును నూరి, స్పిరిటులో వడకట్టి, గట్టి వెలుగు పెట్టి పక్కనుండి చూస్తే ఆ పచ్చని ద్రవం నెత్తురులా ఎర్రగా మెరుస్తుంది.