పేరు మనది, కథ యెవరిది?

వేమగల్లులోని తెలుగువారికి ఇంట తెలుగు, అంగడిలో కన్నడము. కావున రెండు భాషల చిత్రములును మనవే. పొగడుటకైనను తెగడుటకైనను మొగమాటము వలదు.

2018లోను, 2022లోను రెండు భాగములుగా వెలువడిన కన్నడ చిత్రము 'కె.జి.ఎఫ్.' మన సీమ పేరును దేశమంతటను మారుమ్రోగించినది. దాని వేగమును, యశ్ నటనను నేనును మెచ్చితిని. కాని అందలి నరాచి గని కల్పితము. నిజమైన గనులను 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టినది. 1956లో మైసూరు ప్రభుత్వము స్వీకరించినది. 2001లో అవి మూతపడినవి. మూడు కిలోమీటర్లకు మించిన లోతున, పొయ్యివంటి వేడిలో రాతిని తొలిచిన తమిళ, తెలుగు కార్మికుల సాహసమునకు తుపాకి తోడు అక్కరలేదు. 2024లో పా. రంజిత్ తీసిన తమిళ చిత్రము 'తంగలాన్' కూలీల చెంతకు వచ్చినది గాని, మాయమంత్రముల పొగలో వారి ముఖములు మసకబారినవి.

'ఆర్.ఆర్.ఆర్.' (2022) కనులపండువు. ఆస్కారు గెలిచిన పాటకు నా పాదములును కదలినవి. అయినను అల్లూరి, కొమురం భీములు కలిసినట్లు చరిత్రలో లేదని పిల్లలకు చెప్పవలసి వచ్చును. అదే యేటి 'సీతారామం' ప్రేమకథలో ఉత్తరమునకు మరల గౌరవము దక్కినది. 'విరూపాక్ష' (2023) ముందు భయపెట్టి, పిదప సుదీర్ఘ వివరణతో ఆ భయమును తానే పోగొట్టినది.

నా మనసు నిలిచినది 'బలగం' (2023) నందు. పిండమును కాకి ముట్టకపోవుటయే అందలి ఆపద. ఒక యింటివారి పంతములే ప్రతినాయకులు. తెలంగాణపు పల్లె యాస మనకు కొంత వింతయైనను, ఆ కాకి మన యూరి కాకియే. దర్శకుడు వేణు యెల్దండి ఒక యింటిని చూపి ఊరంతటిని చూపెను. మన గనులపైనను అట్టి చిత్రము రావలెను: పేరు మాత్రమే గాక, మనుష్యులును కనబడునట్టిది.