టిండల్ అనే మాటను దిద్దాను

చాలా ఏళ్ల కిందట మా భిలాయి తెలుగువాళ్ల సంచిక ఒకదానికి ఒక పెద్దాయన జ్ఞాపకాలను నేను రాసిపెట్టాను. ఆయన చెబుతూ పోయారు, నేను రాసుకుంటూ పోయాను. అచ్చుకిచ్చే ముందు కూర్చుని భాష దిద్దాను. ఆయన ‘టిండల్’ అన్న ప్రతిచోటా ‘సూపర్‌వైజర్’ అని మార్చాను. ‘హబీస్’ను ‘పైకి’ చేశాను, ‘ఆరియా’ను ‘కిందికి’ చేశాను. చదవడానికి హాయిగా ఉందని నాకు నేనే సంతోషపడ్డాను. చేసింది ఎంత పెద్ద తప్పో తెలిసేసరికి పెద్దాయన లేరు.

ఆయనది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. వేట మీద బతికే కుటుంబం. కొన్నాళ్లు విశాఖ రేవులో పనిచేసి, ఇక్కడ ఉక్కు కర్మాగారం కడుతున్నారని విని, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ వచ్చే రైలెక్కారు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరిలో కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఈ రెండు తేదీలూ భిలాయి బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ రెంటి మధ్య ఇక్కడ లేచి నిలబడ్డ ఒక్కో స్తంభానికీ, ఒక్కో దూలానికీ తాడు కట్టి లేపిన మనుషులున్నారు. వాళ్లు ఖలాసీలు. వాళ్ల ముఠాకు పెద్ద టిండల్.

ఖలాసీ పని అంటే మూటలు మోయడం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేనూ అలాగే అనుకున్నాను, అందుకే ఇది చెప్పాలి. నేల మీద ఒక నిలువు స్తంభం పాతి, నాలుగు వైపులా తాళ్లతో బిగించి, దాని కొసన కప్పీ కట్టి, కింద వించ్ తిప్పి టన్నుల బరువును గాల్లోకి లేపుతారు. బరువు ఎటు తూగుతుందో లేపకముందే టిండల్‌కు తెలియాలి. స్లింగు ఎక్కడ వేయాలి, షాకిల్ ఎంత మందముండాలి, గాలి వస్తే ఏ తాడు వదలాలి, ఏ తాడు బిగించాలి, ఇవన్నీ ఆయన కంటితో తూచి చెప్పే లెక్కలు. లెక్క తప్పితే కింద ఉన్నవాళ్లు మిగలరు.

వించ్ దగ్గరున్న మనిషికి చాలాసార్లు బరువు కనపడదు. టిండల్ కేక ఒక్కటే ఆధారం. ఆ ముఠాలో ఒడియావాళ్లు, ఛత్తీస్‌గఢీలు, బెంగాలీలు, మలయాళీలు, మనవాళ్లు. ఎవరి భాషలో కేకేసినా సగం మందికి అర్థం కాదు. అందుకని అందరికీ కొత్తదైన, అందరూ నేర్చుకున్న మాట ఒకటుండాలి. హబీస్ అంటే ఎత్తు. ఆరియా అంటే దించు. ఒకటి ‘స్’ మీద తెగుతుంది, ఇంకొకటి ‘ఆ’ మీద సాగుతుంది. ఎంత రొదలోనైనా చెవి ఆ రెంటినీ ఒకదాన్ని ఇంకొకటి అనుకోదు. పెద్దాయన ఇదంతా నాకు విడమరచి చెప్పారు. నేను రాసుకున్నాను కూడా. అయినా ఆ మాటలే కొట్టేశాను.

సంచిక వచ్చాక మనవరాలి చేత చదివించుకున్నారు. నేను కనపడితే అడిగారు: “ఏటి బాబూ, నా మాటలన్నీ ఏటి సేసినావు?”

“చదివేవాళ్లకు అర్థం కావాలి కదా బాబాయ్” అన్నాను.

“అర్దం కాకపోతే అడుగుతారు గదా.”

అంతే అన్నారు, కోప్పడలేదు. ముసలితనపు మురిపెం అనుకుని నేను నవ్వేసి వచ్చాను.

తర్వాతెప్పుడో హాబ్సన్-జాబ్సన్ తిరగేస్తున్నాను. హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కలిసి 1886లో తెచ్చిన ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువు అది. వేరే మాట వెతుకుతుంటే టిండల్ కంటబడింది. మలయాళంలో తండల్, తెలుగులో తండేలు అని మూలం ఇచ్చారు. ఒక గుంపుకు పెద్ద అని అర్థం. ఓడ మీద లాస్కర్లకు నాయకుడు, ఇంగ్లీషు ఓడల్లో బోసన్ లాంటివాడు. ఫిరంగుల శాఖలోనూ ఆ పేరుతోనే ఉండేవాడు. కట్టడాల దగ్గర కూలీల ముఠాకు పెద్దను కూడా ఒక్కోసారి అలాగే అంటారని చివర్లో రాశారు. నేను విరిగిన ఇంగ్లీషనుకుని ఏరి పారేసింది తెలుగు మాట. ఇంగ్లీషువాళ్లు మన రేవుల్లో విని, తీసుకుని, తమ ఓడల జీతాల పుస్తకాల్లోకి ఎక్కించుకున్న మాట. దాన్ని కొట్టేసి నేను పెట్టింది అసలైన ఇంగ్లీషు మాట.

సిగ్గుతో పాటు ఇంకొకటి గుర్తొచ్చింది, అది ఇప్పటికీ నన్ను వదల్లేదు. పెద్దాయన నాతో అన్నారు: “మా అయ్య పడవ మీద తండేలు, నాను ఈ గడ్డ మీద టిండల్ని. రెండూ ఒకటే బాబూ.” యూల్, బర్నెల్ రాసిన దాన్ని చదువు రాని ఆ మనిషి ఒక్క ముక్కలో చెప్పారు. చెప్పిందే చెబుతున్నారనుకుని నేను ఆ వాక్యం మొత్తం తీసేశాను.

అక్కడి నుంచి మిగతా మాటల వెంట పడ్డాను. లాస్కర్ పారశీకంలో సైన్యాన్ని చెప్పే లష్కర్ నుంచి వచ్చింది. టిండల్‌కు పై అధికారి సెరాంగ్, అదీ పారశీకమే. ఖలాసీ ఓడ మనిషి. మన రేవుల్లో కళాసీ అయ్యాడు, రైల్వేలో ఒక కొలువు పేరయ్యాడు. ఆరియా పోర్చుగీసు నావికుల మాట, తెరచాపను దించడాన్ని వాళ్లు ‘అర్రియార్’ అంటారు. ఇన్ని భాషలు కలిసిన ఓడ భాషకు థామస్ రోబక్ 1811లో కలకత్తాలో ఒక నిఘంటువు వేశాడు. అతని ఉద్దేశం తెల్ల అధికారులు హుకుములు ఇవ్వగలగాలని. కానీ హిందూ మహాసముద్రం మీద పనిచేసిన పేదవాళ్లు తమలో తాము కట్టుకున్న భాష అందులో భద్రంగా నిలిచింది. రోబక్‌కు ఉన్నపాటి శ్రద్ధ నాకు లేకపోయింది.

ఓడ మాటలు సముద్రానికి ఇంత దూరం ఎందుకొచ్చాయన్న దానికి జవాబు తేలికే. క్రేన్లు రాకముందు తాడుతో, కప్పీతో పెద్ద బరువును లేపడం బాగా తెలిసినవాళ్లు నావికులు. వంతెనలు, కర్మాగారాలు కట్టడానికి వాళ్లే కావలసి వచ్చారు. ఇంగ్లీషులో రిగ్గర్ కూడా మొదట ఓడకు తాళ్లు, తెరచాపలు అమర్చే మనిషే. 1988లో కేరళలో పెరుమన్ దగ్గర రైలు అష్టముడి సరస్సులో పడితే పెట్టెలను పైకి లాగడంలో బేపూర్ వైపు మాప్పిళ ఖలాసీలు చేసిన పని అక్కడివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

2025లో ‘తండేల్’ సినిమా వచ్చినప్పుడు ఆ పేరుకు అర్థమేమిటని చాలామంది తెలుగువాళ్లు అడగడం విన్నాను. గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్లే శ్రీకాకుళం మత్స్యకారులకు అది రోజూ నోట్లో నలిగే మాట. ఆ సంచికలో పెద్దాయన వాక్యం ఉండి ఉంటే భిలాయిలోనైనా ఎవరూ అడగనక్కర్లేకపోయేది.

ఆయన దగ్గర రాసుకున్న కాగితాలను అచ్చు పూర్తయ్యాక నేను దాచలేదు. పనికొచ్చిందంతా సంచికలో ఉంది కదా అనుకున్నాను. హబీస్, ఆరియాలతో పాటు ఆయన ఇంకా చాలా మాటలు చెప్పారు. వేలెడంత లేపి ఆపమనడానికి ఒకటి, ఒక వైపు తాడు మాత్రమే వదలమనడానికి ఒకటి, ముడులకు వేర్వేరు పేర్లు. ఎంత తలచుకున్నా అవి నాకు రావడం లేదు. ఇక్కడే భిలాయిలోని ఖుర్సీపార్‌లో ఖలాసీ ముఠాల్లో పనిచేసిన పెద్దలు కొందరున్నారు. వాళ్ల దగ్గరకు వెళ్లి కూర్చుంటున్నాను. వేలెడంత లేపమనే మాట ఒకాయన ఒకటి చెప్పారు, ఇంకొకాయన అది కాదని వేరొకటి చెప్పారు. రెండూ ఎవరు ఎలా పలికారో అలాగే రాసుకున్నాను.