పాన్‌గల్ గుట్ట, తాత నడక

పాన్‌గల్ అనగానే చాలామంది నల్గొండ దిక్కు చూస్తారు. పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం ఉన్న పానగల్ అది. మాది వేరు. హైదరాబాద్ నుంచి జడ్చర్ల, కొత్తకోట మీదుగా వనపర్తి వచ్చి, అక్కణ్ణుంచి కొల్లాపూర్ దిక్కు సాగితే దూరం నుంచే గుట్ట కనిపిస్తుంది. దాని మీద కోట, కింద ఊరు. 2016లో వనపర్తి జిల్లా అయింది గానీ, మీదే ఊరని ఎవరైనా అడిగితే నా నోట్లోంచి ఇప్పటికీ పాలమూరే వస్తుంది.

ఫిరోజ్ షా బహమనీ ఈ పేరున్న కోటను రెండేళ్లు ముట్టడించి, సైన్యంలో రోగాలు ప్రబలి, 1420 ప్రాంతంలో విజయనగర దేవరాయల చేతిలో ఓడిపోయాడు. అది మా కోటా, నల్గొండదా అన్న తగువు చరిత్రకారులది. మా ఊళ్లో అడిగితే మాత్రం అనుమానమే లేదు, మాదే.

మొన్న డిసెంబర్‌లో తాతతో కలిసి గుట్టెక్కాను. ఆయనకు 74 ఏళ్లు, నాకు 28. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని కోడ్ రాసేవాణ్ణి కదా, మొదటి దర్వాజా దగ్గరికే నాకు ఆయాసం. తాత మాత్రం చెప్పులు చేతిలో పట్టుకుని, రాయి రాయి చూసుకుంటూ ముందు నడుస్తున్నాడు. ఏ బండ వెనక నీళ్లు నిలుస్తాయో, ఎక్కడ సీతాఫలం చెట్లుంటాయో చెబుతున్నాడు. చిన్నప్పుడు మేకలు కాసిన గుట్ట మరి. అంతా బాగానే ఉంది గానీ, పైకి చేరేలోపు మూడుసార్లు అదే మాట అడిగాడు. “కారు యాడ వెట్టినవ్ రా?”

అందుకే ఈ ప్రయాణం. ఏడాదిగా మతిమరుపు పెరిగింది. సిటీలో డాక్టర్‌కు చూపిస్తే, డిమెన్షియా అని ఇప్పుడే అనలేం, ఆ దారిలోకి పోకుండా చూసుకోవాలి, బీపీ, షుగర్ అదుపులో పెట్టండి, రోజూ నడిపించండి అన్నాడు. నాన్నేమో హైదరాబాద్ తెచ్చేద్దాం అంటాడు. తొమ్మిదో అంతస్తు, లిఫ్టు, రోజంతా టీవీ. నాకు మనసొప్పలేదు.

దిగొచ్చాక బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతూ ఈ నడక ముచ్చట తీస్తే, తాత దోస్తు ఒకాయన నవ్వాడు. “జనమంత కష్టం జేసినం బిడ్డా, ఇంక మాకు ఎక్సర్‌సైజ్ ఎందుకు?”

న్యాయమైన ప్రశ్న. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. బొంబాయి, పుణె బిల్డింగుల కింద మా తాతల చెమట ఉంది. కానీ లెక్క అలా లేదు. డెన్మార్క్‌లో సుమారు 4,700 మంది మగవాళ్లను దశాబ్దాల పాటు గమనించి 2020లో రాసిన అధ్యయనంలో, కూర్చుని చేసే పనుల వాళ్లతో పోలిస్తే బరువు పనులు చేసినవాళ్లలో డిమెన్షియా 55 శాతం ఎక్కువని తేలింది. మోత పనిలో విశ్రాంతి ఉండదు, మన చేతిలో ఏదీ ఉండదు. తట్ట మోసిన ఒళ్లు అలిసిపోయిన ఒళ్లే. కడుపు నిండా తిని, ఊపిరి కొంచెం పెరిగేలా, ఇష్టంగా నడిచే నడక వేరు. ఎప్పుడో ముప్పై ఏళ్లప్పుడు మోసిన ఇటుకలు డెబ్బై ఏళ్ల మెదడుకు జమ కావు.

ఇప్పటి నడక మాత్రం పనికొస్తుందనే చెప్పాలి. అమెరికాలో 120 మంది వృద్ధుల మీద జరిగిన పరీక్షలో కొందరిని వారానికి మూడు రోజులు, నలభై నిమిషాల చొప్పున ఏడాది నడిపించారు. జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్ వాళ్లలో 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో కుంచించుకుపోయింది. బ్రిటన్‌లో 78 వేల మందికి పైగా చేతికి మీటర్ కట్టి చూస్తే, రోజుకు 3,800 అడుగులు వేసేవాళ్లలో డిమెన్షియా 25 శాతం తక్కువగా కనిపించింది. 9,800 దాకా వెళ్తే సగానికి సగం. నడవడం వల్లే తగ్గిందా, మెదడు బాగున్నవాళ్లే నడుస్తున్నారా అన్న అనుమానం సరైనదే. జబ్బు వచ్చాక వ్యాయామంతో అది ఆగదని బ్రిటన్‌లోనే ఇంకో పరీక్షలో తేలింది కూడా. అందుకే ముందే మొదలుపెట్టాలన్న తొందర.

మన దేశంలో అరవై దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో అంచనా. మా దగ్గర దాన్ని జబ్బనరు, చాదస్తమంటారు. కసురుకుంటారు, మూలన కూర్చోబెడతారు. ఊళ్లో నడక కూడా ఎప్పుడో తగ్గింది. నల్లా ఇంట్లోకొచ్చింది, చేనుకు బండి మీద పోతున్నారు, గ్యాస్ వచ్చాక కట్టెల కోసం గుట్టెక్కే పనిలేదు. ఇవన్నీ మంచివే, మా అవ్వ నడుము బతికింది. పోయిన అడుగులే మళ్లీ రాలేదు.

ఇంకోటి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు వచ్చినవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చినట్టు తేలింది. చదువు రానివాళ్లలో కూడా తేడా కనిపించింది. మా తాతకు తెలుగు, హిందీ, బొంబాయి మేస్త్రీ తిట్లంత మరాఠీ వచ్చు. వలస ఇచ్చిన మంచి ఇదొక్కటేనేమో.

ఆదివారం నాన్నతో ఫోన్‌లో గంట మాట్లాడాను. తాత ఊళ్లోనే ఉంటాడు. పొద్దున ఆరున్నరకు, చాయ్ దగ్గర నవ్విన పెద్దాయన, ఇంకో ఇద్దరు కలిసి గుట్ట కింద బాట మీద నలభై నిమిషాలు. పైకెక్కడం లేదు, ఆ రాళ్ల మీద కాలు జారితే ఇంకో కథ. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతులానించకుండా పదిసార్లు లేవడం. జేబులో బాబాయ్ నంబర్ రాసిన చీటీ. ఆ ఏర్పాట్లు చూసి తాత అడిగాడు, “నేనేమన్న తప్పిపోతననా?” తప్పిపోతే ఇంటికి తెచ్చేవాళ్లు ఈ ఊళ్లో వందమంది ఉన్నారు. తొమ్మిదో అంతస్తులో పక్కింటాయన పేరు నాకే తెలియదు.

నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. సంక్రాంతికి వచ్చి తనే చూస్తానన్నాడు.