ఉద్దానంలో మళ్లీ ఝుంకారం

పలాసలో రైలు దిగి వజ్రపుకొత్తూరు వైపు ఆటో ఎక్కితే, దారికి రెండువైపులా కొబ్బరి, జీడి, పనస... ఉద్యానవనమే ఉద్దానం అయిందంటారు. మా మావయ్య ఇల్లు ఆ తోటల మధ్యే. శివరాత్రికి ముందు నేను వెళ్లింది మాత్రం ఆయన పెరట్లోని ఒక చెక్కపెట్టెను చూడ్డానికి!

ఒకప్పుడు అక్కడ నాలుగు తేనెపెట్టెలుండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గర్లోనే తీరం దాటింది. మూడు పెట్టెలు కొబ్బరిచెట్ల కింద నలిగిపోయాయి. నాలుగోదాన్ని మావయ్య పంచదార పాకం పోసి నెల్లాళ్లు కాపాడాడు. ఓ ఉదయం మూత తీస్తే ఖాళీ.

''మేత నేకపోతే అవెందుకుంటాయి అల్లుడా? మనూరి కుర్రోళ్లే చెన్నై ఎలిపోతన్నారు కదేటి!''

ఆయన పెంచేది పుట్టల్లో, చెట్టుతొర్రల్లో పట్టుపెట్టే నాటు ఈగ. ఆకలేస్తే గూడు వదిలి లేచిపోవడం దాని నైజం. అది తెలిసీ ఆయన తొందరపడ్డాడు. మరుసటేడే ఈగలతో సహా ఓ పెట్టె కొనితెచ్చాడు. వానాకాలంలో చీమలు కొంత, ఆకలి కొంత... అదీ పోయింది. కొత్తగా నాటిన జీడి కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్లు, నాటు కొబ్బరికైతే ఆరేడేళ్లు. అన్నాళ్లూ ఈగలు ఏం తింటాయి?

ఇక పెట్టె మాట మానేసి మొక్కల మీద పడ్డాడు. గట్టున మునగ వేశాడు. ధనియాలు, ఆవాలు చల్లి పూతకే వదిలేశాడు. 'కూరలోకి కట్ట కొత్తిమీర కోయనివ్వడు' అని అత్త ఇప్పటికీ సణుగుతుంది.

మొన్న కార్తీకంలో కంచె పక్క పుట్టలోకి ఈగలు వాటంతటవే వచ్చి చేరాయి. సంధ్యవేళ పీచు పొగబెట్టి, పుట్ట తవ్వి, పిల్లపురుగులున్న తేనెపట్లను కోసి చట్రాలకు అరటినారతో కట్టాడు. అసలు పని రాణీగను పట్టడం. అది పెట్టెలోకి చేరితే మిగతావన్నీ వెనకే వస్తాయి. రాణి బయటికి పోకుండా నాలుగురోజులు గుమ్మానికి జాలీ బిగించాడు. పెట్టె కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టాడు, చీమలెక్కకుండా.

ఊళ్లోకి వచ్చిన ఈగలనే పట్టుకోవడంలో తెలివుంది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిలో నాటు ఈగల పెట్టెల్ని ఊడ్చిపెట్టేసింది. కేరళలో మళ్లీ పెంపకం నిలబడింది ఆ తెగులును తట్టుకుని మిగిలిన పట్టులతోనే.

ఇప్పుడు మావయ్య భయం గాలివాన గురించి కాదు, పక్క తోట గురించి. జీడిపూతకు టీదోమ పడితే మందు కొట్టాలి. పొద్దున్నే కొడితే పూలమీదున్న ఈగలు అక్కడే రాలిపోతాయి. అందుకే ఇంటింటికీ తిరిగి, ''పొద్దుగూకాక కొట్టండి బాబూ'' అని బతిమాలుతున్నాడు. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన ఇంకా ఏమీ తేల్చలేదు.

పెట్టె దగ్గర చెవి పెట్టాను. సన్నగా ఝుం... కాళ్లకు పసుపురంగు పుప్పొడి ముద్దలు అంటించుకుని ఒక్కొక్కటే దిగుతున్నాయి.

''మరి తేనేది మావయ్యా?''

''ఈ యేడు నేదు. ఆటి కూడు ఆటికే ఒగ్గీసినాను.''

బయల్దేరుతుంటే అత్త చేతిలో పొట్లం పెట్టింది. తేనె కాదు... మందస కోవా!