కుడి కన్ను గింజకు, ఎడమ కన్ను గద్దకు

సిడ్నీకీ బ్రిస్బేన్‌కీ నడుమ, పీఠభూమి మీద చల్లని ఊరు ఆర్మిడేల్. జంతువుల మెదడులో కుడిఎడమల తేడాను దశాబ్దాలపాటు శోధించిన లెస్లీ రోజర్స్ పనిచేసిన న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. ఆమె రచనలు చదివిన అభిమానమే నన్నిక్కడికి రప్పించింది.

పచ్చికలో నలుపు తెలుపు మ్యాగ్‌పై పిట్టలు పురుగులు ఏరుకుంటున్నాయి. నేను దగ్గరవుతుంటే ఒకటి తల తిప్పి, ఎడమ కంటితో చూసి ఎగిరిపోయింది. ఒక్క పిట్టతో ఏదీ రుజువు కాదు. అయితే రోజర్స్, గిసెలా కప్లాన్‌ల బృందం 2008లో ఇలాంటి సంగతే ప్రకటించింది. శత్రువు నుంచి తప్పుకునే ముందు ఈ పిట్టలు ఎక్కువగా ఎడమ కంటితో, దగ్గరికి వెళ్లే ముందు కుడి కంటితో చూస్తాయట.

ఈ పరిశోధనకు దారి తెరిచింది కోడిపిల్ల. మెదడులో కుడిఎడమల మధ్య పని విభజన మనిషికే సొంతమని శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మారు. రోజర్స్ కోడిపిల్లల మెదడులో ఒక్క పక్కనే ప్రొటీన్ల తయారీని ఆపే మందు ఎక్కించారు. ఎడమ పక్క ఎక్కించినవి గింజకూ గులకరాయికీ తేడా నేర్చుకోలేకపోయాయి. కుడి పక్క ఎక్కించినవి నేర్చుకున్నాయి. 1979లో వచ్చిన ఈ ఫలితం ఆ నమ్మకాన్ని కదిలించింది. పక్షుల్లో కుడి కంటి చూపు ప్రధానంగా ఎడమ మెదడుకు చేరుతుంది. అందుకే గింజలు ఏరడంలో కుడి కన్నుది పైచేయి, గద్దను కనిపెట్టడంలో ఎడమ కన్నుది.

నన్ను ఎక్కువగా కదిలించింది గుడ్డులో జరిగే కథ. పొదిగే 21 రోజుల్లో చివరి రోజులకు పిల్ల ఒద్దికగా ముడుచుకుంటుంది. ఎడమ కన్ను ఒంటికి ఆనుకుంటుంది, కుడి కన్ను పెంకు వైపు ఉంటుంది. మా ఊళ్లో గుడ్లు పొదుగుతున్న పెట్ట మేతకు లేచినప్పుడు పెంకులోంచి దూరే వెలుతురు ఆ కంటికే అందుతుందన్నమాట. చూపులో ఈ తేడాను స్థిరపరిచేది ఆ వెలుతురే. వల్లోర్టిగారా తదితర శాస్త్రజ్ఞులతో 2004లో రోజర్స్ చేసిన పరీక్షలో, వెలుతురు సోకిన పిల్లలు గింజలు ఏరుతూనే పైనున్న గద్ద బొమ్మనూ గమనించాయి. చీకట్లో పొదిగినవి రెండు పనుల మధ్య తడబడ్డాయి.

కోడి బుద్ధి అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ బుద్ధి ఒకేసారి రెండు వైపులా మేల్కొని ఉంటుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న మన తెలుగు రాష్ట్రాల్లో, రెక్క చాపే చోటు కూడా లేని బోనుల్లో అలాంటి ప్రాణిని పెంచడం న్యాయమేనా? ఈ ప్రశ్నకు కోళ్లఫారాల యజమానులతో పాటు గుడ్డు తినే మనమూ జవాబు చెప్పాలి.