అంకెను నమ్మి పోగొట్టుకున్న పాటలు

ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారాక నా డెస్క్‌టాప్ స్పీకర్లలో పాట మామూలుగానే వినిపించింది. సౌండ్ బాగానే ఉందని ఊరుకున్నాను. ఆ వారమే ఊరి నుంచి వచ్చిన మా పెద్దమ్మ గుర్తున్న దంపుళ్ల పాటలన్నీ మైకు ముందు పాడింది. ఆమె బస్సెక్కాక ఫైలు తెరిచి చూస్తే సన్నటి హోరు తప్ప ఒక్క మాట లేదు.

నా కంప్యూటర్‌లో సౌండ్ కార్డులు మూడు: మదర్‌బోర్డుది, గ్రాఫిక్స్ కార్డులోని హెచ్‌డీఎంఐది, మైకు తగిలించే యూఎస్‌బీ పెట్టె. లినక్స్‌లో వీటికి 0, 1, 2 అని నంబర్లిచ్చేది కెర్నల్‌లోని అల్సా అనే సౌండ్ వ్యవస్థ. ఆ నంబరు ఏ కార్డుకూ సొంతం కాదు. ముందు లోడైన డ్రైవర్‌కు ముందు నంబరు, అంతే. కెర్నల్ మారితే ఆ వరుసా మారవచ్చు. ఎప్పుడో రాసుకున్న రికార్డింగ్ స్క్రిప్టులో నేను కార్డు 1 అని పెట్టాను, అప్పట్లో యూఎస్‌బీ పెట్టె నంబరు అదే. అప్‌గ్రేడ్ తర్వాత హెచ్‌డీఎంఐ 0 అయింది, మదర్‌బోర్డు 1కి జరిగింది, యూఎస్‌బీ పెట్టె 2కి పోయింది. ఎర్రర్ వచ్చినా బాగుండేది. రాలేదు. మైకే లేని జాక్‌ను గంటసేపు రికార్డు చేసింది.

ఆ తర్వాత చేసింది ఇంకా తప్పు. కొత్త వెర్షన్‌లో శబ్దాన్ని నడిపేది పల్స్‌ఆడియో బదులు పైప్‌వైర్ అని తెలిసి, దోషమంతా దానిదేనని పాతదాన్ని మళ్లీ ఎక్కించాను. స్పీకర్ల శబ్దం కూడా పోయింది. టెర్మినల్‌లో ‘ఏరికార్డ్ -ఎల్’ అని కొడితే రికార్డు చేయగల కార్డులన్నీ నంబరుతో, పేరుతో కనిపిస్తాయి. ముందే అది చూసి ఉంటే అరనిమిషంలో తేలేది.

ఇప్పుడు స్క్రిప్టులో నంబరు తీసేసి కార్డు పేరే రాశాను. వరుస మారినా పేరు మారదు. ఒకే మోడల్ పెట్టెలు రెండుంటే మాత్రం పేర్లూ తారుమారు కావచ్చు. అప్పుడు తగిలించిన పోర్టును బట్టి పేరు పెట్టేలా, పరికరాలను చూసుకునే యూడెవ్‌లో నియమం రాసుకోవాలి. ఊరికే పాటలు వినేవాళ్లకు ఇదేమీ అక్కర్లేదు, సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ ఎంచుకుంటే చాలు.

ఇంట్లో పెద్దల గొంతు దాచుకునేవాళ్లకు నా మనవి: సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాక మీ గొంతుతో నాలుగు మాటలు రికార్డు చేసి వినండి. ఆ తర్వాతే వాళ్లను మైకు ముందు కూర్చోబెట్టండి.