ఎలమంచిలి నుంచి విశాఖ వరకు ఒక రోగితో మా ప్రయాణం

చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిని ఆనుకొని, హౌరా-చెన్నై రైలు మార్గం మీద ఉన్న చిన్న పట్టణం ఎలమంచిలి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే వరకు ఇది విశాఖపట్నం జిల్లాలోనిదే. సమీపంలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది. అంకుడు కర్రను తిప్పుతూ చెక్కి, లక్కపూత పూసి అక్కడివారు చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. జిల్లా మారినా ఒక సంగతి మాత్రం మారలేదు. పెద్ద జబ్బు చేస్తే ఇక్కడివారు బయలుదేరేది విశాఖకే. సుమారు 60 కిలోమీటర్ల ఆ దారిలో మేము ఎన్నోసార్లు ప్రయాణించాము. అయితే కొన్నేళ్ళ క్రితం చేసిన ఒక ప్రయాణం మా కళ్ళు తెరిపించింది. పాఠకులకు, ముఖ్యంగా మావంటి ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుందని దానిని ఇక్కడ వ్రాస్తున్నాము.

మా మదర్సాలో చిన్నపిల్లలకు ఖాయిదా నేర్పే యువకుడు ఒకడున్నాడు. మా దగ్గరే చదువుకొని హాఫిజ్ అయినవాడు. వయసు పాతికలోపు. ఉన్నట్టుండి అతని నడవడిలో మార్పు వచ్చింది. గుమ్మానికి భుజం కొట్టుకొనేవాడు. చాప చివర కూర్చున్న పిల్లలు అల్లరి చేస్తున్నా గమనించేవాడు కాడు. పక్కన పెట్టిన టీ గ్లాసు చేయి తగిలి దొర్లిపోయేది. “ధ్యాస ఎక్కడున్నది నాయనా?” అని నలుగురి ఎదుటా మందలించాము. “తప్పయింది హజ్రత్” అని తల వంచుకొనేవాడే తప్ప మారు మాట్లాడలేదు.

తలనొప్పి అని, నీరసమని, ఎండాకాలంలో కూడా చలిగా ఉన్నదని అప్పుడప్పుడు చెప్పేవాడు. దిష్టి తగిలిందేమోనని వాళ్ళ అమ్మ భయపడింది. మేము దుఆ చదివి ఊదాము, దమ్ చేసిన నీళ్ళు ఇచ్చాము. ఇలా నాలుగు నెలలు గడిచిపోయాయి. దుఆ చేయడం మా తప్పు కాదు. అక్కడితో ఆగిపోవడం మా తప్పు. ప్రతి రోగానికీ అల్లాహ్ మందును కూడా పంపాడని, వైద్యం చేయించుకోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధించిన సంగతి పిల్లలకు ఏటా చెబుతూనే ఉన్నాము. మా ఇంటి దాకా వచ్చేసరికి మరచిపోయాము.

ఒకనాడు ఫజ్ర్ నమాజు అయిన తరువాత అతను మా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: “హజ్రత్, సలాం చెప్పేటప్పుడు మెడ పూర్తిగా తిప్పితే గాని పక్కనున్న మనిషి కనిపించడం లేదు.” ఆ మాటకు మాకు గుండె ఝల్లుమన్నది. ఆ రోజే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాము. ఆయన యంత్రం జోలికి వెళ్ళక ముందే ఎదురుగా కూర్చొని, ఒక్కొక్క కన్ను మూయించి, తన వ్రేళ్ళను పక్కలకు జరిపి ఆడించాడు. కుడి కంటికి కుడిపక్క, ఎడమ కంటికి ఎడమపక్క ఉన్న వ్రేళ్ళు అతనికి కనబడలేదు. జట్కా గుర్రానికి కళ్ళ పక్కన తోలు ముక్కలు కట్టినట్లుగా ఉన్నది అతని చూపు. “ఇది కంటి జబ్బు కాదు, మెదడు కింద ఏదో నాడిని నొక్కుతున్నది, వెంటనే విశాఖ వెళ్ళండి” అన్నాడు.

మరునాడు ఉదయం బస్సెక్కాము. కశింకోట దాటి, బెల్లం వ్యాపారానికి పేరున్న అనకాపల్లి చేరి, లంకెలపాలెం మీదుగా అగనంపూడి వచ్చాము. అక్కడ టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. దానిని చూడగానే వాళ్ళ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. “భయపడకమ్మా, గడ్డలన్నీ క్యాన్సర్ కావు” అని పక్క సీటులోని పెద్దమనిషి ఒకాయన ధైర్యం చెప్పాడు. తరువాత కూర్మన్నపాలెం వద్ద ఉక్కు కర్మాగారం వైపు వెళ్ళే దారి, ఆపైన గాజువాక. ఆ కర్మాగారానికి 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసేందుకు ముందు ఎన్నో ప్రాణాలు ఉద్యమంలో పోయాయి. ఈ నగరంలో ఏదీ తేలికగా రాలేదు.

వైద్యం కూడా అంతే. ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి రెండూ 1923లో ప్రారంభమయ్యాయి. ఉత్తరాంధ్ర పేదలకు, పొరుగున ఉన్న ఒడిశా వారికి కూడా ఆ కొండవాలు మీది ఆసుపత్రి నూరేళ్ళుగా ఆసరా. 1949లో డాక్టర్ జాకబ్ చాందీ వెల్లూరులో దేశంలోనే మొదటి నాడీ శస్త్రచికిత్స విభాగాన్ని నెలకొల్పగా, తరువాతి దశకంలో విశాఖలో ఆ విద్యకు పునాది వేసినవారు డాక్టర్ బాలపరమేశ్వరరావు. అంతకు ముందు మెదడులో గడ్డ అంటే మన ప్రాంతంలో చేయగలిగింది చాలా తక్కువ.

నగరంలోని ఒక ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. తీశారు. పీయూష గ్రంథిలో గడ్డ ఉన్నదని తేలింది. బఠానీ గింజంత ఉండే ఈ గ్రంథి ముక్కు వెనుక, మెదడు అడుగున ఒక ఎముక గుంటలో కూర్చొని ఉంటుంది. ఆ గుంట తుర్కీ గుర్రపు జీను ఆకారంలో ఉంటుందని వైద్యులు దానికి లాటిన్‌లో ఆ పేరే పెట్టారు. ఎదుగుదల, థైరాయిడ్, సంతానం, పాలు, ఒంట్లోని నీరు, ఆపదలో శరీరం నిలదొక్కుకొనే శక్తి, వీటన్నిటికీ ఆజ్ఞలు వెళ్ళేది ఇక్కడి నుంచే. దీనికి సరిగ్గా పైన రెండు కంటి నాడులు కలుసుకుంటాయి. గడ్డ పెరిగి కింది నుంచి ఆ కూడలిని నొక్కితే మొదట పోయేది పక్కల చూపు.

ఇక కత్తి పట్టడమే తరువాయి అనుకొన్నాము. డాక్టరు మాత్రం ముందు రక్తం తీయించాడు. “గడ్డ ఫొటోలో కనిపిస్తుంది, దాని స్వభావం రక్తంలో కనిపిస్తుంది” అని వివరించాడు. శరీరం లోపలి సంగతిని బయటికి చెప్పే ఇటువంటి కొలతలను బయోమార్కర్లు అంటారు, జీవసూచికలు అనవచ్చు. ప్రొలాక్టిన్ అనే హార్మోను మామూలుగా మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల లోపు ఉంటుంది. పెద్ద గడ్డతో పాటు అది 200 దాటి ఉంటే సాధారణంగా ఆ గడ్డే ప్రొలాక్టిన్‌ను తయారుచేస్తున్నదని అర్థం. అటువంటి గడ్డలు చాలావరకు క్యాబర్గోలిన్ వంటి మాత్రలతోనే కుంచించుకుపోతాయి. శస్త్రచికిత్స అవసరమే ఉండకపోవచ్చు. ఒక్క రక్తపరీక్ష మనిషిని కత్తి నుంచి తప్పించగలదన్నమాట.

ఈ విషయం మన ఇళ్ళలో ప్రత్యేకంగా తెలియాలి. కాన్పు లేకుండా పాలు రావడం, నెలసరి ఆగిపోవడం, పెళ్ళై ఏళ్ళు గడిచినా సంతానం కలగకపోవడం ఈ హార్మోను ఎక్కువైనందువల్ల కావచ్చు. ఎందరో కోడళ్ళు గొడ్రాళ్ళని, గాలి సోకిందని నిందలు మోస్తున్నారు. వారిలో కొందరికి కావలసింది ఒక పరీక్ష, కొన్ని మాత్రలు. అలాగే చేతులు, కాళ్ళు, దవడ పెరిగి చెప్పుల కొలత మారిపోతుంటే ఎదుగుదల హార్మోనును, దానితో ముడిపడిన ఐ.జి.ఎఫ్.-1ను చూస్తారు. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద ఊదారంగు చారలు వస్తే కార్టిసాల్‌ను చూస్తారు.

మా యువకుని ప్రొలాక్టిన్ కొద్దిగా మాత్రమే పెరిగి ఉన్నది. అంటే గడ్డ ఏ హార్మోనునూ అదనంగా తయారుచేయడం లేదు, బరువుతో చుట్టుపక్కల వాటిని నలిపివేస్తున్నది. కార్టిసాల్, థైరాయిడ్ రెండూ పడిపోయాయి. ఆ నీరసానికీ, ఆ చలికీ కారణం అదే. ధ్యాస లేదని మేము తిట్టిన రోజుల్లో అతని శరీరంలో శక్తే లేదు.

వరండాలో మా పక్కన తుని వైపు నుంచి వచ్చిన ఒక రైతు కూర్చునేవాడు. ఆయన తమ్ముని గడ్డ మెదడులోనే పుట్టినది, గ్లియోమా. తీసిన ముక్కను పరీక్షకు పంపారు. ఐ.డి.హెచ్. అనే జన్యువులో మార్పు ఉన్న గ్లియోమాలు మెల్లగా పెరుగుతాయని, లేనివి ఎక్కువగా ఉగ్రంగా ఉంటాయని ఇప్పుడు తెలిసింది. 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఇటువంటి జన్యు సూచికలకు చోటు దక్కింది. వీటిలో అతి తీవ్రమైనది గ్లియోబ్లాస్టోమా. రేడియేషన్‌కు టెమోజోలమైడ్ మందును జోడిస్తే రోగుల మధ్యస్థ ఆయుష్షు 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగిందని, రెండేళ్ళు దాటినవారు నూటికి 10 నుంచి 26కు చేరారని 2005లో వెలువడిన అధ్యయనం చూపింది. ఎం.జి.ఎం.టి. అనే జన్యువు మూతపడి ఉన్నవారికి ఆ మందు మరింత మేలు చేసింది. ఇవి చిన్న అంకెలే. కానీ ఒక తండ్రికి ఆ నెలల్లో బిడ్డ పెళ్ళి చూడటం సాధ్యం కావచ్చు. “ఎంతకాలం బతుకుతాడో కాదండీ, ఏ మందు పనిచేస్తుందో చెప్పమన్నాను” అన్న ఆ రైతు మాట మాకు గుర్తుండిపోయింది.

శస్త్రచికిత్స ముందురోజు సాయంత్రం పాత నగరం వైపు నడిచాము. ఓడరేవు కాలువ పక్కన మూడు కొండలున్నాయి. ఒకదానిపై హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా, ఒకదానిపై చర్చి, ఒకదానిపై వేంకటేశ్వరాలయం. కింద ఓడలు వస్తున్నాయి, పోతున్నాయి. అక్కడ నిలబడి, ఆ బిడ్డ చూపు కోసం, మా మందలింపుల క్షమాపణ కోసం అల్లాహ్‌ను వేడుకొన్నాము.

ముక్కులోంచి సన్నని దుర్బిణి పంపి, బయట గాటు లేకుండా గడ్డను తీశారు. ముక్కు మార్గాన ఈ గ్రంథిని మొదట చేరినవాడు 1907లో ఆస్ట్రియాకు చెందిన ష్లోఫర్. అంతకు సుమారు 900 ఏళ్ళ ముందే అండలూసియాలో అబుల్ ఖాసిం అజ్జహ్రావీ తన వైద్య గ్రంథంలో శస్త్రచికిత్స పనిముట్ల బొమ్మలు గీసి పెట్టాడు. విద్య ఒక చేతి నుంచి మరొక చేతికి అందుతూ ఇంత దూరం వచ్చింది.

తరువాతి రోజుల్లో కూడా కొలతలదే రాజ్యం. త్రాగిన నీరెంత, పోసిన మూత్రమెంత అని గంటగంటకూ వ్రాశారు. మూత్రం అదుపు తప్పితే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఇంటికి వచ్చిన తరువాత, వారం రోజుల ప్రాంతంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉన్నది గనుక మళ్ళీ రక్తం చూపించమన్నారు. ముక్కు చీదవద్దు, తల కిందికి వంచవద్దు, మెదడు చుట్టూ ఉన్న నీరు ముక్కులోంచి కారవచ్చు అన్నారు. అప్పుడు అతను మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న: “హజ్రత్, సజ్దా ఎలా?” కూర్చొని సైగతో చేయమన్నాము. వుజూలో ముక్కులోకి నీరు ఎక్కించడం గాయం మానే వరకు వదిలివేయమన్నాము. ధర్మం రోగికి ఎప్పుడో ఇచ్చిన సౌలభ్యం అది.

పక్కల చూపు కొన్ని రోజుల్లోనే చాలావరకు తిరిగి వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ గ్రంథి పూర్తిగా కోలుకోలేదు. కార్టిసాల్ స్థానంలో హైడ్రోకార్టిసోన్ మాత్ర రోజుకు రెండు మూడు సార్లు జీవితాంతం వేసుకోవాలి. జ్వరం వస్తే మోతాదు పెంచాలి, వాంతులైతే ఇంజెక్షన్ చేయించాలి, మానితే ప్రాణానికే ముప్పు.

కథ ఇక్కడ ముగిసి ఉంటే బాగుండేది. మరుసటి రమజాన్‌కు ముందు జుమా ప్రసంగంలో, సాకులు చెప్పి ఉపవాసం మానేవారిని మేము కఠినంగా విమర్శించాము. రోగులకు ఉన్న సడలింపును ఒక్క మాటలోనైనా చెప్పలేదు. మధ్యాహ్నపు మాత్రను ఎవరికీ చెప్పకుండా మానివేసి అతను ఉపవాసాలు మొదలుపెట్టాడు. జ్వరం తగిలింది, వాంతులయ్యాయి, అయినా సాయంత్రం దాకా ఓర్చుకొన్నాడు. నాలుగో రోజు అసర్ వేళ కుప్పకూలాడు. అతని జేబులోని కార్డు చూసి దగ్గరి ఆసుపత్రివారు వెంటనే ఇంజెక్షన్ ఇచ్చారు. సమయానికి అందింది.

ఆ రాత్రి మంచం పక్కన కూర్చొని, “ఎందుకు చెప్పలేదు నాయనా?” అని అడిగాము. “మీరు చెప్పిన సాకులవాళ్ళలో నేను ఒకణ్ణి అవుతానేమోనని, హజ్రత్” అన్నాడు. మాకు జవాబు లేదు.

తరువాతి జుమాలో అదే మింబర్ మీద నిలబడి మా తప్పును మేమే చెప్పుకొన్నాము. రోగికీ ప్రయాణికునికీ ఇచ్చిన సడలింపు సూరె బఖరాలో స్పష్టంగా ఉన్నదని, కోలుకొనే ఆశ లేని రోగి ఒక్కో ఉపవాసానికి ఒక పేదవానికి అన్నం పెడితే చాలునని వివరించాము. ఇటువంటి మందులు వాడేవారిలో కొందరికి వైద్యులు మోతాదు మార్చి ఉపవాసానికి అనుమతిస్తారు, కొందరికి ఇవ్వరు. ఆ నిర్ణయం డాక్టరుతో మాట్లాడి రమజాన్‌కు నెల ముందే చేసుకోవాలి. మా యువకునికి డాక్టరు వద్దన్నాడు. ఇప్పుడు అతను ఫిద్యా ఇస్తాడు, ఇఫ్తార్ వేళ అందరికీ ఖర్జూరాలు పంచుతాడు.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, మీ ఇంట్లో, మీ తరగతిలో ఎవరైనా తరచు పక్కలకు గుద్దుకొంటుంటే, తగ్గని తలనొప్పితో బాధపడుతుంటే దుఆతో పాటు డాక్టరు దగ్గరికి కూడా తీసుకువెళ్ళండి. ఖర్చు చూసి వెనుకాడకండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తున్న పథకంలో మెదడు గడ్డల శస్త్రచికిత్సలు ఉన్నాయి. దానిపై మా యువకుని కుటుంబం అప్పు లేకుండా బయటపడింది.

ఇప్పుడు సఫ్‌లో అతను మా కుడిపక్కనే నిలబడుతున్నాడు. సలాం కోసం కొద్దిగా తల తిప్పితే చాలు, ఒకరికొకరం కనబడుతున్నాము. చాప చివర అల్లరి చేసే పిల్లలు కూడా ఇప్పుడు అతనికి బాగానే కనబడుతున్నారు.